ఉపగ్రహం లెక్కలో 6,371 కిలోమీటర్లు మర్చిపోయారండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. ఇళ్ళ మీద టీవీ డిష్‌లు బిగించడం, గాలివానకి పక్కకి తిరిగిపోయినవాటిని మళ్ళీ సరిచెయ్యడం నా పని, ఇరవై ఏళ్ళ పైమాటే. ఇంటర్‌లో ఎంపీసీ చదివాను, ఇంట్లో పరిస్థితులు బాగోక చదువు అక్కడితో ఆగింది గానీ లెక్కల మీద మోజు మాత్రం ఆగలేదు. పత్రికకి ఉత్తరం రాయడం ఇదే మొదలు. పొడుగెక్కువైతే నా కబుర్లు కత్తిరించుకోండి, అంకెలు మాత్రం ముట్టుకోకండి.

పోయిన వారం మీ విద్యార్థుల పేజీలో ఇంటర్ ఫిజిక్స్ లెక్క ఒకటి చేసి చూపించారు. భూమికి 400 కి.మీ. ఎత్తులో తిరిగే ఉపగ్రహం కక్ష్యా వేగమెంత, ఆవర్తన కాలమెంత, అంటే ఒక చుట్టుకి ఎంతసేపు పడుతుంది అని ప్రశ్న. వేగం సెకనుకి 31.6 కి.మీ., ఆవర్తన కాలం సుమారు 80 సెకన్లు అని జవాబు. దానికింద గీత కూడా గీశారు. మా చెల్లెలి కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం, మా ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది, ఆ లెక్కని ముత్యాల్లాంటి అక్షరాలతో నోట్సులోకి ఎక్కించుకుంది. నేను అన్నం తింటూ చూసి "అమ్మలూ, ఇదేంటే, 80 సెకన్లలో భూమిని చుట్టేస్తుందా?" అన్నాను. "స్పేస్‌లో గాలి అడ్డు ఉండదు కదా మావయ్యా, స్పీడుగానే తిరుగుతుంది" అంది. సఖినేటిపల్లి రేవులో పంటు తాడు విప్పి ఇంజను స్టార్ట్ చేసేలోగా అది భూమంతా చుట్టేసి మళ్ళీ మన నెత్తి మీదకి వచ్చేస్తుందన్నమాట అంటే నవ్వింది గానీ నమ్మలేదు. "పేపర్లో వేశారు మావయ్యా" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది, అందుకే ఈ ఉత్తరం.

ముందు మీ జవాబుని మీ జవాబుతోనే తూచి చూద్దాం. సెకనుకి 31.6 కి.మీ. చొప్పున 80 సెకన్లు వెళ్తే ఎంత దూరం? సుమారు 2,500 కి.మీ. భూమి చుట్టుకొలతే 40 వేల కి.మీ. ఉంటే, దానికి 400 కి.మీ. పైన తిరిగేది 2,500తో ఎలా సరిపెట్టుకుంటుందండీ? ఆ 2,500 కి.మీ. చుట్టు ఎక్కడ పడుతుందో తెలుసా, భూమి లోపల, కేంద్రానికి 400 కి.మీ. దూరంలో. అంటే పైకి పంపాల్సిన ఉపగ్రహాన్ని మీరు భూమి కడుపులోకి దింపారు. ఇంకోటి కూడా ఉంది. భూమి మీద నుంచి సెకనుకి 11.2 కి.మీ. వేగంతో వెళ్ళిన వస్తువు మళ్ళీ తిరిగి రాదు, దాన్ని పలాయన వేగం అంటారని అదే పాఠంలో చెప్తారు. దానికి దాదాపు మూడింతల వేగంతో పోయేది మన చుట్టూ తిరుగుతూ ఎందుకు కూర్చుంటుంది, ఎటో చక్కా పోతుంది. ఈ రెండు పరీక్షల్లో ఏ ఒక్కటి చేసినా తప్పు దొరికేది. క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు వెంటనే తెలిసింది, ఎందుకంటే ఇంటర్‌లో నేనూ అదే తప్పు చేసి మార్కులు పోగొట్టుకున్నాను. సూత్రంలో వేసే దూరం నేల మీద నుంచి ఎత్తు కాదు, భూకేంద్రం నుంచి దూరం. భూమి వ్యాసార్ధం 6,371 కి.మీ., దానికి మీ 400 కలిపితే 6,771. మీరు ఆ 6,371 వదిలేసి ఉత్త 400 వేశారు. ప్రశ్నలో ఎత్తు ఇచ్చి సూత్రంలో వ్యాసార్ధం అడగడం పరీక్ష పెట్టేవాళ్ళకి పాత అలవాటు, పిల్లలు పడే గొయ్యి కూడా ఎప్పుడూ అదే, ఈసారి పేపరు వాళ్ళు పడ్డారు, అంతే తేడా.

సరైన లెక్క ఇదండి. భూమి ద్రవ్యరాశినీ గురుత్వ స్థిరాంకాన్నీ గుణిస్తే కిలోమీటర్ల లెక్కలో 3,98,600 వస్తుంది. దాన్ని 6,771తో భాగిస్తే 58.87, దాని వర్గమూలం 7.67. వేగం సెకనుకి 7.67 కి.మీ., గంటకి చెప్పుకుంటే 27,600 కి.మీ. పైన. ఇక ఒక చుట్టు పొడవు, 6,771ని రెండుతోనూ 3.1416తోనూ గుణిస్తే సుమారు 42,540 కి.మీ. దాన్ని 7.67తో భాగిస్తే 5,546 సెకన్లు, అంటే 92 నిమిషాల పైన ఇంకో అర నిమిషం లోపు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది కూడా ఇంచుమించు ఆ ఎత్తులోనే, దానికీ చుట్టుకి గంటన్నర పైనే పడుతుందని మీ పేపర్లోనే ఎన్నోసార్లు రాశారు. 80 సెకన్లు అని అచ్చేసినవాళ్ళకి అది గుర్తు రాకపోవడమే నాకు కష్టంగా ఉంది.

ఆ 3,98,600 ఎక్కడిది, ఎవరో చెప్తే బట్టీ పట్టాల్సిందేనా అని మా అమ్మలు అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. దానికి మన కోనసీమలో కొబ్బరి చెట్టు చాలండి. దింపు రోజున 20 మీటర్ల చెట్టు మీద నుంచి కాయ నరికితే నేల మీద పడడానికి రెండు సెకన్లు పడుతుంది, వాచీలో చూసుకోవచ్చు, చెట్టు కింద మాత్రం నిలబడకండి. దాన్నిబట్టి కిందపడే వస్తువు వేగం ప్రతి సెకనుకీ 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుందని తేలుతుంది. ఆ 9.8 మీటర్లని కిలోమీటర్లలో 0.0098గా రాసి 6,371తో రెండుసార్లు గుణించండి, 3,97,800 దాకా వస్తుంది. 3,98,600కి ఎంత తేడా? వెయ్యికి రెండు వంతులు. కొబ్బరికాయ పడే తీరు తెలిస్తే ఉపగ్రహం తిరిగే తీరు తెలిసినట్టే, ఎందుకంటే రెండూ చేసేది ఒకటే పని, పడడం.

ఉపగ్రహం కూడా పడుతూనే ఉంటుందంటే మా వీధిలో ఎవరూ ఒప్పుకోలేదు. కాస్త ఓపికగా వినండి. ఏ వస్తువైనా వదిలిన మొదటి సెకనులో 5 మీటర్లు కిందకి పడుతుంది. అంతర్వేది ఒడ్డున నిలబడి సముద్రంలోకి పోయే బోటుని చూస్తే ముందు అడుగుభాగం మాయమై తర్వాత పైభాగం మాయమవుతుంది కదా, భూమి వంగి ఉండడం వల్ల. ఆ వంపు 8 కి.మీ. దూరానికి 5 మీటర్లు. మరి ఎవరైనా ఒక వస్తువుని సెకనుకి 8 కి.మీ. వేగంతో అడ్డంగా విసిరితే? సెకనులో అది 5 మీటర్లు పడుతుంది, భూమీ 5 మీటర్లు కిందకి వంగుతుంది, నేలకీ దానికీ మధ్య ఎడం మారదు. అదే కక్ష్య. న్యూటన్ 1687 నాటికే కొండ మీద ఫిరంగి పెట్టి గుండు పేల్చినట్టు ఊహించుకుని ఈ సంగతి పట్టుకున్నాడు, అప్పటికి అంతరిక్షంలోకి పోయే రాకెట్టు మాటే లేదు. నేల దగ్గర లెక్క కచ్చితంగా వేస్తే 7.9 కి.మీ. వస్తుంది, 400 కి.మీ. పైకి పోతే 7.67కి తగ్గుతుంది. అక్కడ గురుత్వాకర్షణ లేదని, అందుకే వ్యోమగాములు తేలుతున్నారని కూడా పేపర్లలో అప్పుడప్పుడు రాస్తుంటారు, అదీ తప్పే. 400 కి.మీ. ఎత్తులో కూడా 9.8 కాస్తా 8.7 అవుతుంది, అంతే. వాళ్ళు తేలేది, తామూ తమ అంతరిక్ష కేంద్రమూ కలిసి పడుతూ ఉండడం వల్ల.

మీ పేజీలో ఇంకో వాక్యం నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. లెక్క కింద డబ్బాలో "ఎత్తు పెరిగే కొద్దీ పెద్ద చుట్టు తిరగాలి కాబట్టి ఉపగ్రహం వేగం పెరుగుతుంది" అని వేశారు. ఇది అంకె తప్పు కాదు, ఆలోచనే తిరగబడింది. ఎందుకలా అనిపిస్తుందో నాకు తెలుసు. చిన్నప్పుడు మా తాతగారి కళ్ళంలో పశువుల్ని ఒకే తాడుకి వరసగా బంతి కట్టి కుప్ప నూర్చడం చూశాను, నడుమ గుంజ దగ్గర ముసలి ఎద్దుని కట్టి చివరన కుర్ర గిత్తని కట్టేవారు, ఎందుకంటే లోపలిది నెమ్మదిగా అడుగులేసినా చాలు, చివరిది పెద్ద చుట్టు కాబట్టి ఇంచుమించు పరిగెత్తాలి. ఇప్పుడు మిషన్లు వచ్చాక ఆ కళ్ళాలూ లేవు, ఆ ఎద్దులూ లేవు. అయితే ఆ పశువులన్నిటినీ ఒకే తాడు కలిపి ఉంచుతుంది, అందుకని అన్నీ ఒకే సమయంలో చుట్టు పూర్తి చెయ్యాలి. ఉపగ్రహాల్ని కలిపే తాడు ఏదీ లేదండి. ఎవరికి వాళ్ళే. దూరం పెరిగే కొద్దీ భూమి లాగే బలం తగ్గిపోతుంది, బలం తగ్గితే మెల్లగా వెళ్ళినా పడిపోకుండా తిరగొచ్చు, వేగంగా వెళ్తే నిలవదు. అందుకని బయటది మెల్లగా తిరుగుతుంది, చుట్టూ పెద్దది, నడకా నెమ్మది, కాబట్టి ఆవర్తన కాలం రెండు రకాలా పెరుగుతుంది. కేంద్రం నుంచి దూరం నాలుగింతలైతే వేగం సగమవుతుంది, కాలం ఎనిమిదింతలవుతుంది. పిల్లలకి ఈ ఒక్క ముక్క చెప్తే చాలు, డబ్బాలో ఇది వెయ్యండి. ఉపగ్రహం బరువు ఎంతైనా ఈ లెక్క మారదని కూడా వెయ్యండి, ప్రశ్నలో బరువు ఇవ్వలేదని కంగారుపడి లెక్క వదిలేసే పిల్లలున్నారు.

ఇక నా పని సంగతి. మేం డిష్ బిగించేటప్పుడు ముఖం దక్షిణానికో, కంపెనీని బట్టి కాస్త ఆగ్నేయానికో తిప్పి, సిగ్నల్ వచ్చాక నట్లు బిగించి దిగిపోతాం. మళ్ళీ ఏళ్ళ తరబడి దాన్ని ఎవరూ కదపక్కర్లేదు. అక్కడ ఉన్నది ఉన్నట్టే ఉంటుందా, మరి ఉపగ్రహం తిరుగుతుందంటారే అని ఓ ఇంటి పెద్దాయన నిచ్చెన పట్టుకుని అడిగారు. తిరుగుతుందండి బాబాయ్ గారూ, భూమి ఎంతలో తిరుగుతుందో అదీ అంతలోనే తిరుగుతుంది కాబట్టి మనకి కదలనట్టు కనపడుతుంది అన్నాను. ఆయన పైకి చూసి "అయితే అది మన పక్కనే నడుస్తోందన్నమాట" అన్నారు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఆ ఉపగ్రహం కేంద్రం నుంచి 42,164 కి.మీ. దూరంలో ఉంటుంది, నేల నుంచి చూస్తే 35,786 కి.మీ. పైన భూమధ్యరేఖ మీద. ఇక్కడ మాత్రం 6,371కి బదులు 6,378 తీసేస్తారు, భూమి నడుం దగ్గర కాస్త లావు. 3,98,600ని 42,164తో భాగించి వర్గమూలం తీస్తే వేగం సెకనుకి 3.07 కి.మీ. అంటే కింద 400 కి.మీ. దగ్గర తిరిగేదానికి సగం కూడా లేదు. కాలం 86,164 సెకన్లు, అంటే 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు.

24 గంటలు కదా, 4 నిమిషాలు ఎటుపోయాయి అంటే, దానికి జవాబు మన పంచాంగంలోనే ఉంది. చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర బయల్దేరాడో మళ్ళీ అదే నక్షత్రం దగ్గరకి రావడానికి 27.3 రోజులు పడుతుంది, 27 నక్షత్రాల లెక్క అందుకే కుదిరింది. కానీ అమావాస్య నుంచి అమావాస్యకి 29న్నర రోజులు. ఈలోగా సూర్యుడు కొంచెం ముందుకి జరిగినట్టు కనపడతాడు కాబట్టి ఆయన్ని అందుకోవడానికి ఇంకో రెండు రోజులు నడవాలి. భూమి కూడా అంతే, నక్షత్రాలతో పోల్చి చూస్తే తన చుట్టూ తాను 23 గంటల 56 నిమిషాల్లోనే తిరిగేస్తుంది, సూర్యుడిని అందుకోవడానికి ఇంకో నాలుగు నిమిషాలు. డిష్ ఉపగ్రహం పట్టుకునేది మొదటి లెక్కని.

చంద్రుడి మాట వచ్చింది కాబట్టి ఇంకో సరదా. ఆయన కూడా భూమికి ఉపగ్రహమే కదా. సగటు దూరం 3,84,400 కి.మీ., డిష్ ఉపగ్రహం దూరానికి 9.12 రెట్లు. చుట్టు అన్ని రెట్లు పెద్దది, నడక దాని వర్గమూలం 3.02 రెట్లు నెమ్మది, ఈ రెండిటినీ గుణిస్తే 27న్నర. అంటే డిష్ ఉపగ్రహం రోజుకో చుట్టు తిరిగితే చంద్రుడికి 27 రోజుల పైన పట్టాలి. పంచాంగం 27.3 అంటోంది! ఆ కాస్త తేడాకి కొంత కారణం చంద్రుడి బరువు, మన ఉపగ్రహాల్లా అది లెక్కలో వదిలేసేంత తక్కువేం కాదు. దూరానికీ కాలానికీ ఉన్న ఈ సంబంధాన్ని ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ గ్రహాల విషయంలో 1619లో అచ్చు వేయించాడు. నాలుగు వందల ఏళ్ళ కిందటి సూత్రంతో మా డాబా మీద డిష్‌నీ, ఆకాశంలో చంద్రుణ్ణీ ఒకే కాగితం మీద కలిపి చూస్తే మా అమ్మలు కళ్ళు పెద్దవి చేసింది. మీ 80 సెకన్ల లెక్కతో కలిపి చూడమన్నాను, కుదరలేదు.

ఇదంతా పిల్లల మార్కుల గొడవే అనుకుంటే పొరపాటు. ఇక్కడ తుఫాను అంటే ఏమిటో మాకు తెలుసు. 1996 నవంబరు 6న కోనసీమలో కొబ్బరి తోటలు ఎలా నేలకొరిగాయో చూసినవాళ్ళం, ఆ రాత్రి గురించి మా ఇంట్లో ఇప్పటికీ గట్టిగా మాట్లాడుకోరు. ఇప్పుడు వాయుగుండం అనగానే ఫోన్లో మబ్బుల బొమ్మ చూస్తాం. ఇన్‌శాట్-3డీఆర్, 2024లో శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఇన్‌శాట్-3డీఎస్ లాంటి వాతావరణ ఉపగ్రహాలు ఆ 36 వేల కి.మీ. దూరాన నిలబడినట్టే ఉండి బంగాళాఖాతాన్ని అరగంటకోసారి ఫొటో తీయగలుగుతున్నాయంటే కారణం ఆ నెమ్మది నడకే. అదే 720 కి.మీ. ఎత్తున తిరిగిన ఓషన్‌శాట్-2 చూడండి, 6,371 కలిపి 7,091తో లెక్కేస్తే చుట్టుకి 99 నిమిషాలు. దగ్గర నుంచి చూస్తుంది కాబట్టి సముద్రం రంగు, దాని మీద గాలి బాగా తెలుస్తాయి, కానీ మన మీద నిలబడదు. అది ఒక చుట్టు తిరిగొచ్చేలోగా కింద భూమి తూర్పుకి తిరిగిపోతుంది. 400 కి.మీ. దానికైతే చుట్టుకి 23 డిగ్రీలు, మన నెత్తి మీద నుంచి పోయినది వచ్చే చుట్టుకి ఒమన్ దగ్గర అరేబియా సముద్రం మీద తేలుతుంది. వేటకి వెళ్ళేవాళ్ళకి చేపల జాడ చెప్పడానికి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇంకాయిస్ వాడేది ఇలాంటి దగ్గరి ఉపగ్రహాలు చూపించే సముద్రం రంగునీ వేడినీ. ఏది ఎందుకు అంత ఎత్తులో ఉందో ఈ వేగం లెక్క తెలిస్తేనే అర్థమవుతుంది. "ఉపగ్రహం ఉంది కదా, నిమిష నిమిషానికీ దగ్గర్నుంచి ఫొటో తీయొచ్చు కదా" అని రేవులో ఎవరైనా అంటే నేను చెప్పే సమాధానం ఇదే.

నమ్మకం కుదరకపోతే కళ్ళతో చూడమని కూడా చెప్పండి. పొద్దు గుంకాక డాబా ఎక్కితే కొన్ని సాయంత్రాలు అంతరిక్ష కేంద్రం పెద్ద చుక్కలా, మిణుకుమనకుండా సాగిపోతుంది, కింద మనకి చీకటి పడినా అంత ఎత్తున దానికి ఇంకా ఎండ తగులుతుంది కాబట్టి. బాగా పైనుంచి పోయేటప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకి ఐదారు నిమిషాలు కనపడుతుంది. హైదరాబాద్ నుంచి రాజమండ్రికి ఉన్నంత దూరం పోవడానికి దానికి నిమిషం పట్టదు, అయినా మీ 80 సెకన్లలో అది భూమి చుట్టి వచ్చేదైతే మనకి ఒక్క సాయంత్రంలోనే పదుల సార్లు కనపడాలి.

నేను అడిగేది పెద్దదేం కాదండి. సవరణ వెయ్యండి, ఏ లోపలి పేజీ అడుగునో చిన్న అక్షరాల్లో కాకుండా ఆ విద్యార్థుల పేజీలోనే, ఆ లెక్క ఎంత జాగాలో వేశారో అంత జాగాలో. జవాబు కింద గీత గీసే ముందు "ఇది జరిగే పనేనా" అని చూసుకునే ఒక్క వరస కూడా పిల్లలకి చేసి చూపించండి, సూత్రం అందరూ చెప్తారు, ఆ వరస ఎవరూ చెప్పరు. మీ దగ్గర లెక్కలు చూసేవాళ్ళు పని ఒత్తిడిలో ఉంటారని తెలుసు, నేనూ ఎన్నోసార్లు టెన్షన్‌లో పక్క ఉపగ్రహం సిగ్నల్ పట్టుకుని నట్లు బిగించేసి, ఛానళ్ళు రాక మళ్ళీ నిచ్చెన ఎక్కినవాణ్ణే.

మా అమ్మలు మాత్రం పట్టుదల మనిషి. నా కాగితం చూసి, "నీ లెక్కే రైటు అనిపిస్తోంది మావయ్యా, కానీ పేపర్లో సవరణ వచ్చాకే నోట్సులో కొట్టేస్తాను" అంది. పరీక్షలు దగ్గర పడుతున్నాయండి.

ఇట్లు
రాజోలు దగ్గర నుంచి ఓ డిష్ మెకానిక్